ఎందుకైనా మంచిదని గట్టి స్ప్రింగులు వేయించకండి

నా బండికి మొదటిసారి స్ప్రింగులు మార్పించిన రోజున, కొట్టతను వెనక చక్రాలకి రెండు జతలు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి ఎప్పుడూ 100 కిలోల సామానుతో తిరిగే బండికి, రెండోది 300 కిలోలకి. "ఎందుకైనా మంచిది, పెద్దవే వేసుకోండి సార్" అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. వారం తర్వాత అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాను. నాలుగు గుంతలు దాటాయో లేదో, ముందు సీటు గట్టిగా పట్టుకుని, "ఒరేయ్, దీనికి స్ప్రింగులు వేయించావా, తీయించావా?" అంది.

తప్పు స్ప్రింగులది కాదు. అవి 300 కిలోల కోసం ఎదురు చూస్తున్నాయి. నేను వాటి మీద మా అమ్మను, ఒక పనిముట్ల సంచిని పెట్టాను. బండి తోకెత్తుకుని నిలబడింది. స్ప్రింగులు దాదాపు పూర్తిగా సాగే ఉండడంతో, పల్లం వచ్చిన చోటల్లా వెనక చక్రాలు కిందికి దిగడానికి జాగా లేక గాల్లో తేలి పక్కకి జారేవి.

అందుకే ఇప్పుడు ఎవరు సలహా అడిగినా, ఏ కంపెనీ మంచిదన్న మాట తర్వాత. ముందు మీ బండి ఎంత తూగుతుందో చెప్పమంటాను. కాగితం మీద రాసి ఉన్నది కాదు. మీరు నిజంగా దారి పట్టే రోజున, నిండు ట్యాంకుతో, మనుషులతో, నీళ్లతో.

కాటా మీద మూడుసార్లు

లారీలు తూచే కాటా మీదికి బండిని తీసుకెళ్లండి. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, మొత్తం బండి ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒకసారి తూచండి. ముందు, వెనక తూకాలు కలిపితే మొత్తానికి దగ్గరగా రావాలి. రాకపోతే కాటా చుట్టూ నేల సమంగా లేదన్నమాట. ఇదే పని ఖాళీ బండితోనూ చేయండి. ఈ అంకెలు చేతిలో లేకుండా స్ప్రింగులు కొనడం, కొలతలివ్వకుండా చొక్కా కుట్టించుకోవడమే.

మనం తగిలించేవన్నీ విడివిడిగా చూస్తే చిన్నవే. నా నోటుపుస్తకంలో ఉన్నవి చెప్తాను: రూఫ్ ర్యాక్ 32 కిలోలు, రెండో బ్యాటరీ 24, పనిముట్ల పెట్టె 27, నీళ్లు 40 లీటర్లు అంటే 40 కిలోలు, అదనపు డబ్బాలో 20 లీటర్ల డీజిలు సుమారు 17. వీటికే 140 అయింది. ఇంకా మనుషులు ఎక్కలేదు, బట్టలు సర్దలేదు. సుజుకి జిమ్నీ లాంటి 1,100 కిలోల బండికి ఇదేమీ చిన్న బరువు కాదు.

ముందు బంపర్ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఇనప బంపరూ, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే విన్చూ కలిపి 100 కిలోలనుకోండి. అవి ముందు యాక్సిల్‌కి, అంటే చక్రాల ఇరుసుకి, 70 సెంటీమీటర్లు ముందుకి వేలాడుతున్నాయి. ముందు యాక్సిల్ నుంచి వెనక యాక్సిల్‌కి దూరం 2.8 మీటర్లు. అప్పుడు ముందు యాక్సిల్ మీద పడేది 100 కాదు, 125 కిలోలు. ఆ అదనపు 25 కిలోలు వెనక యాక్సిల్ మీద నుంచి తగ్గుతాయి. ఉయ్యాల బల్ల లెక్కే. అందుకే బంపరూ విన్చూ పెట్టించి ముందు స్ప్రింగులు మార్చని బండి ముక్కు వంచుకుని నడుస్తుంది, బ్రేకు వేస్తే నేలను వాసన చూస్తుంది. విన్చ్‌కి ఇనప తాడు తీసేసి సింథటిక్ తాడు వేసినా కొన్ని కిలోలు దిగుతాయి. స్ప్రింగుల కన్నా ముందు ఆ పని చేయండి.

ఒక హెచ్చరిక. తయారీదారు పెట్టిన గరిష్ఠ బరువు హద్దు స్ప్రింగులు మార్చినంత మాత్రాన పెరగదు. బ్రేకులు అవే, యాక్సిల్ అదే, ఛాసిస్ అదే. గట్టి స్ప్రింగు వేస్తే బండి కుంగడం కనిపించదు, అంతే. మోయలేని బరువు మోస్తున్నట్టు తెలియకుండా పోతుంది కాబట్టి ఒక రకంగా అది మరీ ప్రమాదం.

స్ప్రింగు గట్టిదనం

స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని న్యూటన్ల బలం కావాలో అదే దాని రేటు. నా పాత వెనక స్ప్రింగు 25. వెనక యాక్సిల్ మీద 200 కిలోలు అదనంగా పడితే ఒక్కో పక్కకి 100, అంటే సుమారు 980 న్యూటన్లు. దాన్ని 25తో భాగిస్తే 39 మిల్లీమీటర్లు. బండి వెనక అంత కుంగుతుంది. రేటు 50 ఉన్న స్ప్రింగు వేస్తే 20 మాత్రమే కుంగుతుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ సామాను దింపేశాక ఒక్కో పక్క 500 కిలోల భారం ఉన్న బండి, మొదటిదాని మీద సెకనుకు 1.1 సార్లు ఊగితే, రెండోదాని మీద 1.6 సార్లు ఊగుతుంది. అంకెల్లో తేడా చిన్నదే. నడుముకి మాత్రం బాగా తెలుస్తుంది.

పొడుగు వేరు, గట్టిదనం వేరు. పొడుగాటి స్ప్రింగు మెత్తగా ఉండొచ్చు, పొట్టిది రాయిలా ఉండొచ్చు. కంటితో చూసి పోల్చాలంటే తీగ మందం చూడండి. చుట్లూ వ్యాసమూ అవే ఉంచి, 14 మిల్లీమీటర్ల తీగ బదులు 15 మిల్లీమీటర్లది వాడితే గట్టిదనం 32 శాతం పెరుగుతుంది. మందం నాలుగో ఘాతంతో లెక్కకొస్తుంది మరి. అలాగే వేరే బండి రేటుతో మీ బండి రేటును పోల్చుకోకండి. ముందు చక్రాలు విడివిడిగా కదిలే సస్పెన్షన్‌లో స్ప్రింగు, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది. చక్రం కదిలిన దూరంలో సగమే అది నొక్కుకుంటే, చక్రం దగ్గర తెలిసే గట్టిదనం నాలుగో వంతే.

ఎంపిక ఎలా అంటే, బండి మీద ఎప్పుడూ దిగకుండా ఉండే బరువుకి స్ప్రింగు ఎంచుకోండి, ఏడాదికి రెండుసార్లు ఎక్కే బరువుకి కాదు. ఆ రెండుసార్ల కోసం కాయిల్ స్ప్రింగు లోపల పెట్టే గాలి తిత్తులున్నాయి. ఎక్కించినప్పుడు గాలి కొట్టండి, దింపాక తగ్గించండి. కాయిల్ బదులు కమాను పట్టీలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఇనప పట్టీలు, ఉన్న బండికి ఈ తిత్తులు యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య పెడతారు. అక్కడ జాగ్రత్త. పట్టీ తన బరువును రెండు చివర్ల దగ్గర పంచుతుంది, తిత్తి మాత్రం ఒక్కచోట ఛాసిస్‌ని పొడుస్తుంది. వెనక బాగా బరువు వేలాడదీసి తిత్తులు బిగబట్టించిన పికప్పుల ఛాసిస్ సరిగ్గా అక్కడే వంగుతుంది.

కమాను పట్టీల గురించి ఇంకొక్క మాట. పట్టీల మధ్య రాపిడే కొంత షాకబ్జర్ పని, అంటే ఊగులాటను ఆపే పని, చేసిపెడుతుంది. చాలా పట్టీలున్న కట్ట తీసి, చివర్లకి పలచబడే రెండు మూడు పట్టీల పారబోలిక్ కట్ట వేస్తే నడక హాయిగా ఉంటుంది. కానీ ఆ రాపిడి పోతుంది కాబట్టి షాకబ్జర్లు కూడా మార్చాల్సిందే.

నేను చివరికి 300 కిలోల జత తీసేసి 100 కిలోల జత వేయించాను. అమ్మ ఏమీ అనలేదు. మా ఇంట్లో దానికి మించిన సర్టిఫికెట్టు లేదు.

షాకబ్జర్ బరువు మోయదు

బండి కుంగిపోయిందని షాకబ్జర్లు మార్పించేవాళ్లు ఎంతోమంది. మోసేది స్ప్రింగు, షాకబ్జర్ చేసేది ఆ ఊగులాటను ఆపడం. కొత్త షాకబ్జర్‌ను నేల మీద నిలబెట్టి మెల్లగా నొక్కి చూడండి, దిగుతుంది. ఒక్క ఉదుటున నొక్కితే మొరాయిస్తుంది. దాని బలమంతా వేగం మీదే ఆధారపడింది. వదిలేస్తే తనంతట తాను పైకి లేచేది లోపలి గ్యాసు వల్ల. ఆ తోపు ఒకటే గొట్టం ఉండే మోనోట్యూబ్ రకంలో మహా అయితే పాతిక, ముప్పై కిలోలు.

ఊగులాటను ఆపడమంటే దాన్ని వేడిగా మార్చడమే. అలలు అలలుగా గట్టిపడ్డ మట్టిరోడ్డు మీద ఒకసారి గంటన్నర ఆగకుండా నడిపాను. మొదటి గంట బాగానే ఉంది. తర్వాత బండి పడవలా ఊగడం మొదలెట్టింది, స్టీరింగ్ తిప్పితే ఒక క్షణం ఆలోచించుకుని తిరుగుతోంది. దిగి వెనక షాకబ్జర్ మీద సీసాలోంచి నాలుగు నీటి చుక్కలు వేశాను. చుయ్యిమన్నాయి. లోపల నూనె పలచబడి నురగ తేలింది. నురగలో పిస్టన్‌కి పట్టు ఉండదు. అరగంట ఆగితే మళ్లీ మామూలైంది.

ఎంచుకోవాల్సిన రకాలన్నీ ఈ వేడి చుట్టూనే తిరుగుతాయి. ట్విన్ ట్యూబ్‌లో గొట్టంలో గొట్టం ఉంటుంది. లోపలి వేడి బయటికి త్వరగా పోదు. కానీ రాయి తగిలి బయటి గొట్టం నొక్కుకుపోయినా పని ఆగదు, ఖరీదూ తక్కువ. మోనోట్యూబ్‌లో ఒకటే గొట్టం, దాని గోడకి నేరుగా గాలి తగులుతుంది, గ్యాసునీ నూనెనీ తేలే పిస్టన్ ఒకటి విడదీస్తుంది కాబట్టి నురగ బెడద తక్కువ. బిల్‌స్టీన్ కంపెనీ 1957లో మెర్సిడెస్ కార్లకు అందించినప్పటి నుంచీ దీని సూత్రం అదే. దీని బలహీనత రాళ్లు: గొట్టానికి లోతైన సొట్ట పడితే పిస్టన్ అక్కడే ఇరుక్కుంటుంది. మధ్యేమార్గంగా ఫోమ్ సెల్ రకం ఉంది. ట్విన్ ట్యూబే, కానీ గ్యాసు బదులు ఫోము, దానివల్ల నురగ తేలదు. బరువైన బండితో నెమ్మదిగా తిరిగేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

పక్కన సీసాలాంటి రిజర్వాయరు ఉన్నవి చూడ్డానికి ఠీవిగా ఉంటాయి. అది నూనెను పెంచుతుంది, షాకబ్జర్ గొట్టంలో ఎక్కువ కదలికకి జాగా ఇస్తుంది. గతుకుల మీద గంటలకొద్దీ వేగంగా పోయేవాళ్లకి అవసరమే. గంటకి 5 కిలోమీటర్ల వేగంతో బండల మీద పాకేవాళ్లకి అనవసరం, అక్కడ వేడే పుట్టదు. ఇక తిప్పి సర్దుకునే నాబ్ గురించి నా అభిప్రాయం: చాలామంది కొన్న రోజున ఒకసారి తిప్పుతారు, మళ్లీ ముట్టుకోరు.

స్ప్రింగూ షాకబ్జరూ జోడీ కుదరాలి. గట్టి స్ప్రింగు నొక్కుకున్నప్పుడు ఎక్కువ శక్తి దాచుకుంటుంది, వదిలినప్పుడు ఎక్కువగా తన్నుతుంది. ఆ తన్నును పట్టుకునే రీబౌండ్ బలం, అంటే సాగేటప్పుడు అడ్డుకునే బలం, పాత షాకబ్జర్‌లో ఉండదు. తిరగేస్తే ఇంకో జబ్బు: మెత్తని స్ప్రింగుకి రీబౌండ్ మరీ బిగిస్తే, చక్రం ఒక గుంత తర్వాత కిందికి దిగేలోపే రెండోది వచ్చేస్తుంది. మొదటి గుంత మెత్తగా, ఐదో గుంత ధనామని తగిలితే అది ఇదే. వీలైతే రెండూ ఒకే చోట, మీ కాటా అంకెలు చూపించి తీసుకోండి. ఆ అంకెలు అడగకుండానే పెట్టె చేతికిచ్చే కొట్టు నుంచి బయటికి వచ్చేయండి.

ఎత్తు, కొలతలు

ఎత్తు పెంచడం చాలామందికి అసలు సరదా. 50 మిల్లీమీటర్ల దాకా పెద్దగా గొడవ ఉండదు, అది దాటితే ఒకదానికొకటి గొలుసుకట్టుగా వస్తాయి. రెండు చక్రాలనీ ఒకే ఇరుసు కలిపే సాలిడ్ యాక్సిల్ బండిలో కాస్టర్ కోణం (చక్రం ఏ గీత చుట్టూ పక్కకి తిరుగుతుందో అది వెనక్కి వాలిన కోణం) తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, యాక్సిల్ పక్కకి జరక్కుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్డు తానే దాన్ని పక్కకి లాగుతుంది. విడి చక్రాల బండిలో, చక్రాలని తిప్పే కడ్డీల చివర ఉండే సీవీ జాయింట్లు ఎక్కువ కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి. ఇంకో సంగతి, చక్రం మొత్తం 200 మిల్లీమీటర్లు కదిలే బండిని 50 ఎత్తితే కదలిక 250 అవ్వదు. పైకి కదిలే జాగా 50 పెరుగుతుంది, కిందికి దిగే జాగా 50 పోతుంది.

ఎత్తును నేల నుంచి కొలవకండి, టైరు గాలి బట్టి మారుతుంది. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచుకి కొలవండి. షాకబ్జర్ పొడుగుకి ఇలా చేస్తాను: స్ప్రింగు తీసి, జాకీతో యాక్సిల్‌ని బంప్ స్టాప్ (కదలిక చివర్లో దెబ్బ తినే రబ్బరు దిమ్మ) పూర్తిగా నొక్కుకునేదాకా ఎత్తి, షాకబ్జర్ రెండు మౌంటుల మధ్య దూరం కొలుస్తాను. మూసుకున్న షాకబ్జర్ దానికన్నా కనీసం 10 మిల్లీమీటర్లు పొట్టిగా ఉండాలి. లేదంటే బంప్ స్టాప్ తినాల్సిన దెబ్బ షాకబ్జర్ తింటుంది. తర్వాత యాక్సిల్‌ని వేలాడనిచ్చి, షాకబ్జర్ పూర్తిగా సాగినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకుంటోందా, స్ప్రింగు దాని గిన్నెలోంచి ఊడుతోందా చూస్తాను.

బిగింపులో ఒక్కటే చెప్తాను, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రబ్బరు బుష్‌లున్న బోల్టులను బండి జాకీ మీద ఉండగా చివరిదాకా బిగించకండి. చక్రాలు నేల మీదికి దించి, బండి తన బరువు మీద తాను నిలబడ్డాక బిగించండి. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి కొన్నాళ్లకే చిరుగుతుంది. ముందు స్ట్రట్‌లో (స్ప్రింగూ షాకబ్జరూ కలిసి ఉండే భాగం) నొక్కి ఉన్న స్ప్రింగును విప్పే పని సరైన స్ప్రింగు కంప్రెసర్ లేకుండా ఇంట్లో పెట్టుకోకండి, జారితే మనిషిని తీస్తుంది. పనయ్యాక అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల సర్దుబాటు మర్చిపోవద్దు.

500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ బిగించి, నాలుగు మూలలా ఎత్తు కొలిచి రాసుకోండి. నాది వెనక ఎడమ 6 మిల్లీమీటర్లు దిగింది, కుడి 11. స్ప్రింగు లోపమేమోనని కంగారుపడి పెట్టె తిరగేస్తే, ఒకదాని చీటీ మీద ఎడమ అని, రెండోదాని మీద కుడి అని ఉంది. ట్యాంకూ డ్రైవరూ ఉన్న పక్కకి పొడుగుది వేయాలట. మేం తారుమారు చేశాం. ఒక ఆదివారం మళ్లీ విప్పి మార్చాం.