క్రూయిజ్‌లో డ్రింక్స్ ప్యాకేజీ గిట్టుతుందా? డబ్బు కట్టేముందు వేసుకోవాల్సిన లెక్క

క్రూయిజ్ బుక్ చేసిన రోజు నుంచి ఓడ ఎక్కేదాకా కంపెనీ మెయిళ్లు ఒకే పాట పాడతాయి: రోజుకింత కట్టండి, ఎంత కావాలంటే అంత తాగండి. వెంటనే అందరికీ వచ్చే సందేహం, రోజుకి ఎన్ని గ్లాసులు తాగితే గిట్టుతుందని. అది సగం ప్రశ్నే. అన్ని గ్లాసులు ఎన్ని రోజులు తాగుతారన్నది మిగతా సగం. చాలామందికి లెక్క తప్పేది అక్కడే.

ముందు అసలు ధర తేల్చండి

ప్రకటనలో కనిపించే రేటు మీద మామూలుగా 18 నుంచి 20 శాతం దాకా టిప్ పడుతుంది. అది ఇష్టమైతే ఇచ్చేది కాదు, బిల్లులోనే కలిసిపోతుంది. రోజుకి 75 డాలర్లు అని రాసి ఉంటే, 18 శాతం కలిపాక 88.50 అవుతుంది. ఏడు రాత్రులకి 619.50. ఇద్దరికి 1,239 డాలర్లు. 75 అన్న అంకె దగ్గర మొదలైనది ఇక్కడికొచ్చేసరికి తడిసి మోపెడైంది.

రోజు రేటు కూడా అందరికీ ఒకటి కాదు. ఒకే కంపెనీలో, ఒకే ప్యాకేజీకి, ఓడని బట్టీ తేదీని బట్టీ రేటు మారుతుంది. అందుకే కిందటేడాది వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన రేటు మీకు పనికిరాదు. మీ బుకింగ్ నంబరుతో లాగిన్ అయితే కనిపించే రేటే మీ రేటు. చెల్లింపు పేజీ దాకా వెళ్లి, టిప్ కలిపిన మొత్తాన్ని కాగితం మీద రాసుకోండి. ఒకటి రెండు రోజులకే కావాలంటే సాధారణంగా ఇవ్వరు, ట్రిప్పు మొత్తానికీ తీసుకోవాలి.

తర్వాత రోజుల లెక్క

విడిగా కొంటే ఏది ఎంతో తెలియాలి. ఓడల బార్ మెనూలు ఫొటోలతో సహా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మీరు వెళ్లే కంపెనీవే, ఈమధ్యవే చూడండి. ఇక్కడ లెక్క కోసం కాక్‌టెయిల్ 14, వైను గ్లాసు 13, బీరు 9, స్పెషల్ కాఫీ 5, కూల్‌డ్రింక్ 4, నీళ్ల సీసా 4 డాలర్లు అనుకుందాం.

విడిగా కొన్న ప్రతి గ్లాసు మీదా టిప్ పడుతుంది. కాబట్టి రెండు వైపులా శాతం ఒకటే అయితే టిప్‌ని పక్కనపెట్టి, మెనూ రేటుని ప్యాకేజీ మూల రేటుతో నేరుగా పోల్చవచ్చు. 75ని 14తో భాగిస్తే 5.4 వస్తుంది. అంటే కాక్‌టెయిళ్లే తాగేవాళ్లు రోజుకి ఆరు తాగితే లాభంలోకి వస్తారు. బీరు తాగేవాళ్లకైతే తొమ్మిది కావాలి. సగటున ఇన్ని, అదీ ప్రతిరోజూ.

ఇప్పుడు ఏడు రాత్రుల ట్రిప్పుని రోజుల వారీగా విడగొడదాం. మొదటి రోజు మధ్యాహ్నం ఎక్కుతారు, రెండు రోజులు పూర్తిగా నడిసముద్రంలో ఉంటారు, నాలుగు రోజులు ఓడ ఏదో ఒక రేవులో ఆగుతుంది. ఎనిమిదో రోజు పొద్దున్నే దిగిపోతారు.

మొదటి రోజు: రెండు కాక్‌టెయిళ్లు, రాత్రి భోజనంతో ఒక వైను, ఒక కూల్‌డ్రింక్. 45 డాలర్లు.

సముద్రంలో ఉండే రోజు: పొద్దున కాఫీ, పూల్ దగ్గర రెండు బీర్లు, సాయంత్రం రెండు కాక్‌టెయిళ్లు, భోజనంతో వైను, ఒక నీళ్ల సీసా. 68 డాలర్లు. ఇలాంటివి రెండు రోజులు కాబట్టి 136.

రేవులో ఆగే రోజు: పొద్దున కాఫీ తాగి దిగితే సాయంత్రానికి గానీ తిరిగి రారు. వచ్చాక ఒక కాక్‌టెయిల్, ఒక వైను, ఒక కూల్‌డ్రింక్. 36 డాలర్లు. నాలుగు రోజులకి 144.

మొత్తం 325. ప్యాకేజీ 75 చొప్పున ఏడు రోజులకి 525. తేడా 200 డాలర్లు, 18 శాతం టిప్ కూడా వేస్తే 236. పైన చెప్పిన మనిషి మితంగా తాగే రకమేమీ కాదు, సముద్రంలో ఉన్న రోజున అయిదు గ్లాసుల మద్యం పుచ్చుకుంటున్నాడు. అయినా ప్యాకేజీ తీసుకుంటే నష్టమే. కారణం ఆ నాలుగు రేవు రోజులు. పొద్దంతా ఊళ్లో తిరుగుతూ అక్కడ తాగినదానికి విడిగా డబ్బిస్తాడు, ఓడలో మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇదే పద్ధతిలో మీ పట్టిక మీరు వేసుకోండి. అంకెలు మార్చితే చాలు. ఒక్క జాగ్రత్త: ప్యాకేజీ లేకపోతే మీరు నిజంగా కొనే గ్లాసులే రాయండి. ప్యాకేజీ ఉంది కదా అని తాగేవి రాస్తే కాగితం మీద ఎప్పుడూ లాభమే కనిపిస్తుంది. మెనూలో 14 డాలర్లున్నంత మాత్రాన, మీరు అడిగి ఉండని అయిదో కాక్‌టెయిల్ మీకు 14 డాలర్ల లాభం కాదు.

పట్టికలో ఓడలో ఉచితంగా దొరికేవి కూడా రాయొద్దు. మామూలు నీళ్లు, ఫిల్టర్ కాఫీ, టీ, ఐస్‌డ్ టీ, నిమ్మరసం లాంటివి చాలా కంపెనీల్లో బఫే దగ్గర ఊరికే ఇస్తారు. ఫలహారం వేళ జ్యూసు కూడా ఉంటుంది. సీసా నీళ్లకే రోజుకి ఎనిమిది డాలర్లు రాసుకుని, దాన్ని ప్యాకేజీ లాభంగా చూపించుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. ఖాళీ సీసా ఒకటి తీసుకెళ్తే ఆ పద్దు పోతుంది.

క్యాబిన్ మెలిక

దంపతుల లెక్క తలకిందులయ్యేది ఇక్కడే. రాయల్ కరీబియన్, కార్నివాల్ లాంటి పెద్ద కంపెనీల్లో ఒక క్యాబిన్‌లో ఒకరు మద్యం ప్యాకేజీ తీసుకుంటే, ఆ క్యాబిన్‌లోని మద్యం వయసున్న పెద్దవాళ్లంతా తీసుకోవాలి. ఒకరి ప్యాకేజీ మీద ఇద్దరు తాగకుండా పెట్టిన నిబంధన ఇది. ఒకరు బాగా తాగి రెండోవారు వారానికి రెండు గ్లాసుల వైనుతో సరిపెట్టుకునే జంటైతే, ఆ ఒక్కరే ఇద్దరి డబ్బూ రాబట్టాలి. మన 75 డాలర్ల లెక్కలో అది రోజుకి దాదాపు పదకొండు కాక్‌టెయిళ్లు. అమెరికా కొలత ప్రకారం ఒక ప్రామాణిక డ్రింక్‌లో 14 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. పదకొండంటే 154 గ్రాములు. అంత తాగినవాళ్లకి గిట్టుబాటు సంగతి గుర్తుండదు.

రెండోవారు గర్భవతి అయినా, మందులు వాడుతున్నా, అసలు మద్యమే ముట్టకపోయినా కంపెనీకి ఫోన్ చేసి అడగండి. వాళ్లకి మద్యం లేని ప్యాకేజీ ఇచ్చి సర్దుబాటు చేసే కంపెనీలున్నాయి. వెబ్‌సైట్‌లో ఆ దారి కనిపించదు. ఒప్పుకుంటే ఆ సంగతి మెయిల్‌లో రాయించుకోండి. ఓడ ఎక్కాక కౌంటరులో ఉన్న మనిషికి మీ ఫోన్ సంభాషణ తెలియదు.

అమెరికా నుంచి బయల్దేరే ఓడల్లో మద్యం వయసు 21. యూరప్ నుంచి బయల్దేరే చాలా ట్రిప్పుల్లో 18. పందొమ్మిదేళ్ల పిల్లాడు మీ క్యాబిన్‌లోనే ఉంటే, అదే కంపెనీ ఒకచోట అతనికీ ప్యాకేజీ కట్టమంటుంది, ఇంకోచోట కట్టక్కర్లేదంటుంది.

చిన్న అక్షరాల్లో ఉండేవి

ప్రతి ప్యాకేజీకీ గ్లాసు ధర మీద ఒక హద్దు ఉంటుంది. రాయల్ కరీబియన్ డీలక్స్ ప్యాకేజీలో 14 డాలర్లు, కార్నివాల్ చీర్స్‌లో 20 డాలర్లుగా ఉంటూ వచ్చింది. ఇవి అప్పుడప్పుడూ పెంచుతుంటారు కాబట్టి మీ ట్రిప్పు పేజీలో సరిచూసుకోండి. హద్దు దాటితే ఏమవుతుందన్నది ఇంకా ముఖ్యం. కొన్నిచోట్ల తేడా మాత్రమే కడతారు. ఇంకొన్నిచోట్ల ఆ గ్లాసుకి ప్యాకేజీ వర్తించనే వర్తించదు, కొద్దిపాటి తగ్గింపుతో మొత్తం ధరా మీదే. ఖరీదైన విస్కీ, మంచి వైను ఇష్టపడేవాళ్లకి ఈ ఒక్క వాక్యంతోనే నిర్ణయం తేలిపోతుంది.

రోజుకి ఇన్నని పరిమితి కూడా ఉండొచ్చు. కార్నివాల్‌లో 24 గంటలకి 15 మద్యం గ్లాసులు, అదీ ఉదయం ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా. ఆ పరిమితి మామూలు మనిషికి అడ్డురాదు. అడ్డొచ్చేవి వేరే ఉన్నాయి: ఒకసారికి ఒకే గ్లాసు ఇస్తారు, గదిలోని మినీబార్ సాధారణంగా ప్యాకేజీలోకి రాదు, వైను సీసాగా తీసుకుంటే తగ్గింపు తప్ప ఉచితం ఉండదు. ఓడలో ప్రసిద్ధ బ్రాండు కాఫీ దుకాణం ఉంటే అది చాలాసార్లు ప్యాకేజీ బయటే, పక్కనే ఉన్న ఓడవాళ్ల కెఫేలో కాఫీ మాత్రం ప్యాకేజీలోనే. కంపెనీ సొంత ద్వీపంలో ప్యాకేజీ పనిచేస్తుందో లేదో విడిగా చూసుకోవాలి. రాయల్ కరీబియన్ కోకోకేలో పనిచేస్తుంది, అన్ని కంపెనీల ద్వీపాల్లోనూ అలా కాదు. పనిచేస్తే ఆ రోజుని రేవు రోజుగా కాక సముద్రం రోజుగా లెక్కేసుకోండి, పట్టిక బాగా మారుతుంది. కొన్ని రేవుల నుంచి బయల్దేరేటప్పుడు స్థానిక నిబంధనల వల్ల మొదటి సాయంత్రం ప్యాకేజీ మొదలవదు. ఆ గ్లాసులు విడిగా కొనాల్సిందే.

"ఉచిత" ప్యాకేజీ వస్తే

టికెట్‌తో పాటు డ్రింక్స్ ఉచితం అనే ఆఫర్లలో ప్యాకేజీ ధర సున్నా, దాని మీద టిప్ మాత్రం సున్నా కాదు. ఆ టిప్ ప్యాకేజీ పూర్తి ధర మీద లెక్కగడతారు. రోజుకి 100 డాలర్ల విలువని చూపించి 20 శాతం తీసుకుంటే రోజుకి 20, ఏడు రాత్రులకి 140. అయినా ఇది మంచి బేరమే, రెండు గ్లాసులతో గిట్టిపోతుంది. కాకపోతే అదే క్యాబిన్ ఆ ఆఫర్ లేకుండా ఎంతకొస్తుందో అడగండి. టికెట్ రేటు 400 తగ్గితే ఆ ఉచితం ఖరీదు 540 అన్నమాట. సగం ఆఫర్లు ఈ ఒక్క ప్రశ్న దగ్గర తేలిపోతాయి.

రీజెంట్, సిల్వర్‌సీ, సీబోర్న్ లాంటి విలాస ఓడల్లో మద్యం టికెట్‌లోనే ఉంటుంది. డిస్నీ ఓడల్లో కూల్‌డ్రింకులు ఉచితం, అపరిమిత మద్యం ప్యాకేజీ అసలు అమ్మరు. అక్కడ ఈ తలనొప్పి లేదు.

మధ్యేమార్గాలు

పట్టికలో 325 వచ్చిన మనిషికి ప్యాకేజీ వద్దు. అలాగని ప్రతి గ్లాసూ పూర్తి ధరకి కొనక్కర్లేదు. చాలా అమెరికన్ కంపెనీలు ఎక్కే రోజున మనిషికొక 750 మిల్లీలీటర్ల వైను సీసా తెచ్చుకోనిస్తాయి. చేతి సంచీలో పెట్టుకోవాలి, చెక్-ఇన్ సామాన్లలో కాదు. గదిలో తాగితే సాధారణంగా అదనపు ఖర్చు ఉండదు. భోజనశాలకి తీసుకెళ్తే మూత తీసినందుకు రుసుము పడొచ్చు, 15 డాలర్ల ప్రాంతంలో. ఒక సీసా అయిదు గ్లాసులు. రుసుము కట్టినా గ్లాసు వైను కంటే చౌకే.

కాఫీయే ప్రధాన ఖర్చయితే కాఫీ కార్డు, పిల్లలకి కూల్‌డ్రింక్ ప్యాకేజీ, మద్యం ముట్టనివాళ్లకి మాక్‌టెయిళ్లూ జ్యూసులూ కాఫీ కలిసిన ప్యాకేజీ ఉంటాయి. ఈ చివరిది మద్యం ప్యాకేజీలో సగం కంటే తక్కువకే దొరుకుతుంటుంది. రోజుకి రెండు స్పెషల్ కాఫీలు, రెండు మాక్‌టెయిళ్లు తాగేవాళ్లకి తేలిగ్గా గిట్టుతుంది. ఒకే కంపెనీలో ఎక్కువసార్లు వెళ్లినవాళ్లు ముందు తమ సభ్యత్వ స్థాయి చూసుకోవాలి. రాయల్ కరీబియన్‌లో డైమండ్ స్థాయికి రోజుకి నాలుగు గ్లాసులు ఉచితం. ఆ నాలుగూ పట్టికలోంచి కొట్టేశాక ప్యాకేజీకి మిగిలేది పెద్దగా ఉండదు.

ప్యాకేజీ నిజంగా గిట్టే ట్రిప్పులు లేకపోలేదు. అట్లాంటిక్ దాటే ట్రిప్పుల్లో వరసగా ఆరేడు రోజులు సముద్రమే, ఎటూ దిగేది లేదు. ఇద్దరూ సమానంగా తాగే జంట, రేవుల్లో దిగకుండా పూల్ దగ్గరే ఉండిపోయేవాళ్లు, రోజు రేటు 60 లోపు దొరికినవాళ్లు, వీళ్లు తీసుకోవచ్చు. గ్లాసు గ్లాసుకీ బిల్లు చూసి మనసు పాడుచేసుకునే స్వభావమైతే ఆ ప్రశాంతతకి కూడా ఒక అంకె వేసుకోండి. మొత్తం ట్రిప్పుకి 50 డాలర్లంటారా, 100 అంటారా? ముందే రాసుకుంటే సరి. పట్టికలో తేడా అంతకు లోపలుంటే కొనేయండి.

కొనేటప్పుడు, కొన్నాక

ఓడ ఎక్కాక కొనడం కంటే ముందే ఆన్‌లైన్‌లో కొంటే సాధారణంగా తక్కువ పడుతుంది. రేటు పండగ సేల్స్‌లో దిగుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఎక్కేలోపు రద్దు చేసుకునే వీలున్న కంపెనీ అయితే ఇప్పుడే కొని, వారానికోసారి చూస్తూ ఉండండి. తగ్గితే పాతది రద్దు చేసి కొత్త రేటుకి కొనండి. ముందు కొత్త రేటు మీ కార్టులో కనిపించాలి, ఆ తర్వాతే పాతది తీసేయాలి. ట్రిప్పు మొదలయ్యాక డబ్బు వెనక్కి రాదు, కడుపు బాగోలేక మూడు రోజులు ఏమీ తాగకపోయినా సరే.

మొదటి గ్లాసు తీసుకున్న అరగంటకి యాప్‌లో గానీ గదిలోని టీవీలో గానీ ఖాతా తెరిచి చూడండి. ప్యాకేజీ ఓడలో మీకిచ్చిన కార్డుకి ముడిపడి ఉంటే ఆ గ్లాసు పక్కన సున్నా కనిపిస్తుంది. పూర్తి ధర పడి ఉంటే వెంటనే గెస్ట్ సర్వీసెస్ దగ్గరికి వెళ్లండి. చివరి రాత్రి వెళ్తే అక్కడ పొడవాటి వరస ఉంటుంది, ఏ గ్లాసు ఏ బార్లో తీసుకున్నారో మీకూ గుర్తుండదు.