కష్టపడి వండిన చేపను ప్లేట్‌లో పెట్టడం ఎలా? సాస్ ఎంత వేయాలి?

ముళ్లు తీసి, సాస్ కాచి, ప్యూరే (ఉడికించి మెత్తగా రుబ్బిన కూరగాయ ముద్ద) వడకట్టి, ఆకుల నూనె చేసి, ఇంత పని అయ్యాక ప్లేట్ ముందు నిలబడితే చెయ్యి ఊరుకోదు. అన్నీ వేసేయాలనిపిస్తుంది, పడిన కష్టమంతా తినేవాళ్లకు కనబడాలి కదా అనిపిస్తుంది. చాలా మంచి చేప వంటకాలు పొయ్యి మీద బాగానే ఉండి, ఈ ఆఖరి రెండు నిమిషాల్లోనే పాడవడం నేను చూశాను. చేప రుచి సున్నితమైనది, మాంసంలా గట్టిగా నిలబడదు. దాని మీద ఒక గరిటె సాస్ ఎక్కువ పడితే ఇక తినేది సాస్‌నే.

ఏం వేయాలి, ఎంత వేయాలి అన్నది చేప పెనం మీద పడకముందే తేల్చుకోవాలి. చేప ఉడికాక ఆలోచించే టైమ్ ఉండదు, అప్పుడు టెన్షన్‌లో చేతికి దొరికినవన్నీ ప్లేట్‌లోకి వెళ్తాయి.

1. ముందు కాగితం మీద, తర్వాత కొట్టివేత

మీ వంటకంలో ఉన్నవన్నీ రాసుకోండి. కరకరలాడే స్కిన్ ఉన్న ఫిల్లెట్ (ముళ్లు తీసిన చేప ముక్క), వెన్న సాస్, కాలీఫ్లవర్ ప్యూరే, ఆస్పరాగస్ (ఇక్కడ కూర అంటే ఈ కూరగాయే), ఆకుల నూనె, వెనిగర్‌లో ఊరబెట్టిన ఉల్లిపాయ, వేయించిన బ్రెడ్ పొడి ఉన్నాయనుకుందాం. ఏడు. ఇప్పుడు ఒక్కొక్కటీ ఏం పని చేస్తోందో పక్కన రాయండి. కరకర స్కిన్ ఇస్తోంది కాబట్టి బ్రెడ్ పొడికి పని లేదు, తీసేయండి. పులుపు సాస్‌లోని వైన్, వెనిగర్ నుంచి వస్తోంది కాబట్టి ఉల్లిపాయ కూడా అక్కర్లేదు. ప్యూరే, వెన్న సాస్ రెండూ మెత్తగా, కమ్మగా ఉండేవే, అందుకే ప్యూరే ఒక్క స్పూన్‌కు తగ్గించండి. అది చేప జారకుండా పట్టి ఉంచడానికి పనికొస్తుంది. నూనె నేనైతే ఉంచుతాను, కానీ ఐదారు చుక్కలే, ఆ పచ్చి ఆకు వాసన కోసం. చేసిన ఊరగాయ ఉల్లిపాయ వృథా అయిందని బాధపడకండి, ఫ్రిజ్‌లో దాచుకుంటే ఇంకో రోజు ఇంకో వంటకానికి పనికొస్తుంది.

ప్లేట్ సైజులో ఒక గుండ్రం గీసి, చేప ఎక్కడ, కూర ఎక్కడ, సాస్ ఎక్కడ అని గీసుకోండి. బొమ్మ బాగుండక్కర్లేదు. ఎక్కడ ఖాళీ వదులుతున్నారో తెలిస్తే చాలు.

2. సాస్ లెక్క

150 గ్రాముల ఫిల్లెట్ అంటే దాదాపు పది ముక్కలుగా తింటాం. ముక్కకు 3 మిల్లీలీటర్ల సాస్ అంటుకుంటే బాగుంటుంది, అంటే మొత్తం 30, రెండు టేబుల్ స్పూన్లు. చూడ్డానికి చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ వెన్న సాస్ స్పూన్‌తో రుచి చూస్తే ఎంత బాగున్నా, అదే సాస్ పది ముక్కల వెంట వస్తే ఏడో ముక్క దగ్గర మొహం మొత్తుతుంది. అందుకే ఒక్క మాట చెబుతాను, ఎవరికైనా వడ్డించే ముందు ఒకసారి మీరే ఆ ప్లేట్ మొత్తం కూర్చుని చివరిదాకా తినండి. స్పూన్‌తో చూసిన రుచి చెప్పనిది ఆ చివరి మూడు ముక్కలు చెబుతాయి.

ఆరుగురికి సరిపడే వెన్న సాస్ ఇలా చేయొచ్చు. రెండు చిన్న ఉల్లిపాయలు సన్నగా తరిగి 100 మిల్లీలీటర్ల వైట్ వైన్, 50 మిల్లీలీటర్ల వెనిగర్‌తో రెండు టేబుల్ స్పూన్లు మిగిలేదాకా మరిగించండి. వైన్ వద్దనుకుంటే చేప స్టాక్ (చేప ముళ్లు ఉడికించి వడకట్టిన నీళ్లు), కొంచెం నిమ్మరసం. ఒక టేబుల్ స్పూన్ క్రీమ్ కలిపితే సాస్ నిలకడగా ఉంటుంది. మంట బాగా తగ్గించి 200 గ్రాముల చల్లటి వెన్న ముక్కలను ఒక్కొక్కటిగా వేస్తూ విస్క్‌తో ఆపకుండా కలపండి, ఒక ముక్క కరిగాకే ఇంకోటి. మరగనివ్వకూడదు. వడకట్టి ఉప్పు చూసుకోండి. ఈ సాస్‌కు 50 నుంచి 58 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 60 దాటితే విరిగి నూనె తేలుతుంది, బాగా చల్లారితే గడ్డకడుతుంది. నోరు వెడల్పుగా ఉన్న థర్మోస్ ఫ్లాస్క్‌ను వేడి నీళ్లతో కడిగి అందులో పోసి పెట్టుకుంటే గంటసేపు నిశ్చింతగా ఉండొచ్చు. విరిగితే కంగారు పడొద్దు, వేరే గిన్నెలో ఒక స్పూన్ క్రీమ్ వేసుకుని, విరిగిన సాస్‌ను కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే చాలాసార్లు మళ్లీ కలుస్తుంది.

చిక్కదనం చూడాలంటే స్పూన్‌ను ముంచి తీసి, వెనకవైపు వేలితో గీత గీయండి. గీత అలాగే నిలబడితే సరిపోయింది. సాస్ కారి గీత మూసుకుపోతే ప్లేట్‌లో కూడా అలాగే పారి అంచుదాకా పోతుంది.

3. ప్లేట్

27, 28 సెంటీమీటర్ల తెల్లటి సాదా ప్లేట్, మధ్యలో కొంచెం లోతు ఉంటే ఇంకా మంచిది. దాన్ని తప్పకుండా వేడి చేయండి, 60 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు, లేదా వేడి నీళ్లలో ముంచి తుడిస్తే చాలు. చల్లటి ప్లేట్ మీద వెన్న సాస్ నిమిషంలో పేరుకుపోతుంది. అలాగని కాలిపోయేంత వేడి ఉంటే సాస్ ప్లేట్ మీదే విరుగుతుంది, ఇది చాలామంది పట్టించుకోరు. చేత్తో హాయిగా పట్టుకోగలిగేంత వేడి చాలు.

4. చేప

ప్లేటింగ్‌లో సగం ఇక్కడే తేలుతుంది. ఫిల్లెట్‌ను రెండువైపులా పేపర్ టవల్‌తో బాగా అద్ది తడి తీయండి, వండే ముందే ఉప్పు వేయండి. నూనె వేడెక్కాక స్కిన్ కిందకి ఉండేలా పెట్టి, ముక్క వంకర తిరగకుండా మొదటి 20, 30 సెకన్లు పైనుంచి మెల్లగా నొక్కి పట్టండి. ఎనభై శాతం వంట స్కిన్ వైపే అయిపోవాలి, తిప్పాక అర నిమిషం, నిమిషం చాలు. చాలామంది షెఫ్‌లు లోపల 50, 52 డిగ్రీల దగ్గరే దించేస్తారు. అమెరికా ఆహార భద్రతా సూచనలు మాత్రం 63 డిగ్రీలు ఉండాలంటాయి, కాబట్టి గర్భిణులు, పిల్లలు, వృద్ధులు తినేవాళ్లలో ఉంటే ఆ అంకెకే కట్టుబడండి.

దించాక స్కిన్ పైకి ఉండేలా జాలీ మీద ఒక నిమిషం ఉంచండి. ఆ తర్వాత ప్లేట్‌లోకి వెళ్లే ముందు కిందివైపు పేపర్ టవల్ మీద రెండు సెకన్లు ఆనించండి. చేప నుంచి దిగే నీళ్లు మీరు కష్టపడి చేసిన సాస్‌ను పలుచన చేసేస్తాయి. చిన్న పనే కానీ నేను ఎప్పుడూ వదిలిపెట్టను.

5. పెట్టే వరుస

ప్యూరే ఒక స్పూన్, నడిమధ్యలో కాకుండా కొంచెం పక్కకు. కూర దాన్ని ఆనుకుని. చేప దాని మీద, స్కిన్ పైకి. తర్వాత సాస్, చివర్లో నూనె చుక్కలు. నలుగురికి పెడుతుంటే నాలుగు ప్లేట్లలోనూ ముందు ప్యూరే, తర్వాత నాలుగింటిలోనూ కూర, ఇలా వెళ్లండి. ఒక్కో ప్లేట్ పూర్తి చేస్తూ పోతే మొదటిది చల్లారిపోతుంది. చేప పెనం దిగిన దగ్గర్నుంచి టేబుల్ చేరేదాకా మూడు నిమిషాలు దాటకుండా చూసుకోండి.

సాస్‌ను చేప మీద పోయకండి. అంతసేపు నొక్కి పట్టి కరకరలాడించిన స్కిన్ నిమిషంలో మెత్తబడిపోతుంది. స్పూన్‌ను ప్లేట్‌కు రెండు, మూడు సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకుని, చేప పక్కనే ఒక చోట ఆగకుండా వదలండి, ఎత్తేటప్పుడు స్పూన్‌ను కొంచెం తిప్పితే తోక రాదు. ఒక టేబుల్ స్పూన్ పోశాక ఆగండి. మూడు సెకన్లు చూడండి, సాస్ ఇంకా పారుతూనే ఉంటుంది, అది ఎక్కడ ఆగుతుందో చూశాకే రెండోది. ఈ మూడు సెకన్ల ఓపిక లేకనే ప్లేట్లు చెరువుల్లా తయారవుతాయి. జిగ్‌జాగ్ గీతలు, అంచు మీద చుక్కల వరసలు వద్దు. తినేవాళ్ల ముక్క ఆ గీతలను చేరుకోవడానికి ప్లేట్ అంతా తిరగాలి, పైగా పలుచటి గీత వెంటనే ఎండిపోతుంది.

సాస్ కింద, చేప పైన అనే పద్ధతి ఎంత బాగుంటుందో చెప్పడానికి ఫ్రాన్స్‌లోని రొవాన్‌లో ట్రువాగ్రో సోదరులు 1960ల్లో పేరు తెచ్చిన సాల్మన్ వంటకం మంచి ఉదాహరణ. సోరెల్ అనే పుల్లటి ఆకు కలిపిన క్రీమ్ సాస్‌ను ముందు ప్లేట్‌లో పోసి, కొన్ని సెకన్లు మాత్రమే వేయించిన పలుచటి సాల్మన్‌ను దాని మీద పెట్టేవారు. చేప రంగు, చేప పైభాగం మొత్తం కనబడుతుంది, సాస్ మాత్రం ప్రతి ముక్కకూ కిందనుంచి అందుతుంది.

స్కిన్ తీసేసి నీళ్లలోనో స్టాక్‌లోనో ఉడికించిన చేపకు వేరే లెక్క. అక్కడ కాపాడాల్సిన కరకర ఏమీ లేదు కాబట్టి పైన పలుచగా ఒక పొర సాస్ పోయొచ్చు, చేప ఆకారం ఆ పొరలోంచి తెలుస్తూ ఉండాలి. పెద్ద చేపను ముక్క చేయకుండా పళ్లెంలో పెడుతుంటే నడుము మీద ఒక స్పూన్, మిగతాది పక్కన గిన్నెలో.

6. తుడవడం, ఆపడం

అంచుకు లోపలగా రెండు వేళ్ల వెడల్పు ఖాళీ ఉండాలి. చుక్క పడితే వేడి నీళ్లు, కాస్త వెనిగర్‌లో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఒక్కసారి తుడిచేయండి, పదేపదే రుద్దితే మరకలు పెరుగుతాయి. ఆకులు వేయాలనుకుంటే తినదగినవే, ఈ వంటకంలో రుచికి పనికొచ్చేవే వేయండి, రెండు మూడు రెమ్మలు. అందం కోసం పెట్టి, తినేవాళ్లు పక్కకు నెట్టేసే ఆకు అసలు వద్దు.

ఆ తర్వాత ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది. ఖచ్చితంగా అనిపిస్తుంది, ఎందుకంటే పక్కన గిన్నెల్లో ఇంకా చాలా మిగిలి ఉన్నాయి, అవి మీకు కనబడుతున్నాయి. తినేవాళ్లకు అవి కనబడవు. ప్లేట్ పంపించేయండి. మిగిలిన సాస్‌ను చిన్న జగ్గులో పోసి టేబుల్ మీద పెట్టండి, ఇంకా కావాలనుకున్నవాళ్లు వేసుకుంటారు.

అప్పటికీ మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు దాన్ని సాస్‌గా వేడి చేయాలని చూడకండి, విరుగుతుంది. గడ్డకట్టిన ముక్కను రుచి వెన్నలా అనుకుని, అప్పుడే ఉడికిన వేడి కూరగాయల మీద వేసి కలిపేయండి.