చమురు జీతం మీద నడిచే ఇల్లు, ధర పడిపోయే రోజుకు ఎలా సిద్ధపడాలి

2016 ఫిబ్రవరిలో అమెరికాలో, టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో నా ఉద్యోగం పోయింది. ఆయిల్‌ఫీల్డ్ సర్వీసెస్ కంపెనీలో, అంటే నూనె కంపెనీలకు బావుల పనులు చేసిపెట్టే కంపెనీలో, డ్రిల్లింగ్ పరికరాల డిజైన్ చేసేవాణ్ణి. పొద్దున తొమ్మిదికి మీటింగ్ అన్నారు, పదింటికల్లా అట్టపెట్టెలో సామాను సర్దుకుని కారు దగ్గర నిలబడి ఉన్నాను. అదే ఏడాది సౌదీలో జుబైల్ దగ్గర పైప్ ఫిట్టర్‌గా చేస్తున్న మా బావకి ఐదు నెలలు జీతం రాలేదు, చివరికి క్యాంపులో మెస్ కూడా ఆపేశారు. నేను ఏసీ ఆఫీసులో, ఆయన ఎండలో, కానీ ఇద్దరి కొంపా ముంచింది ముడిచమురు (క్రూడ్) బ్యారెల్ ధరే. ఆ ధర 2014 జూన్ తర్వాతే దిగడం మొదలైంది. అంటే మా ఇద్దరికీ ఏడాదిన్నర టైం ఉంది. ఆ ఏడాదిన్నరలో మేం చేసిందేమీ లేదు, పైగా నేను 2015లో ఇల్లు కొన్నాను. అప్పుడు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేదనిపించిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. గల్ఫ్‌లో, టెక్సస్‌లో, మన కాకినాడ సముద్రంలో రిగ్గుల (నూనె బావులు తవ్వే యంత్రాలు) మీద పనిచేసేవాళ్లకీ, వాళ్లు పంపే డబ్బుతో ఇల్లు నడిపేవాళ్లకీ ఇది.

ముందు ఈ చక్రం ఎలా తిరుగుతుందో అర్థం చేసుకోండి, లేకపోతే మిగతా సలహాలు గుర్తుండవు. ధర బాగున్నప్పుడు ప్రతి కంపెనీ తవ్వడం మొదలుపెడుతుంది. కానీ సముద్రంలో బావి అంటే అనుకున్న రోజు నుంచి నూనె బయటికొచ్చే వరకు ఐదేళ్లు, పదేళ్లు కూడా పడుతుంది. అందరూ ఒకే సమయంలో మొదలుపెట్టారు కాబట్టి అందరి నూనే ఒకే సమయంలో మార్కెట్లోకి వస్తుంది, అప్పటికి వాడకం అంత పెరగకపోతే ధర కూలుతుంది. కూలాక అయినా ఆపుతారా అంటే ఆపరు, ఎందుకంటే తవ్వడానికి డబ్బు అప్పటికే పెట్టేశారు, బ్యాంకు వడ్డీ కట్టాలి, కాబట్టి నష్టానికైనా తోడుతూనే ఉంటారు, దాంతో ధర ఇంకా కిందికి పోతుంది. ఆ తర్వాత కొన్నేళ్లు కొత్త బావులకు ఎవరూ డబ్బు పెట్టరు, పాతవి ఎండిపోతాయి, కొరత వస్తుంది, ధర మళ్లీ ఎక్కుతుంది. మన దగ్గర ఒక ఏడాది ఉల్లి ధర చూసి మరుసటి ఏడాది ఊరంతా ఉల్లే వేసినట్టు, కాకపోతే ఇక్కడ ఒక్కో పంటకు పదేళ్లు.

ధర ఎన్నిసార్లు ఎక్కి దిగిందో చూడండి. 1973 అక్టోబర్‌లో బ్యారెల్ సుమారు 3 డాలర్లు, కొన్ని నెలల్లోనే 12 దగ్గరికి వెళ్లింది. ఇరాన్ విప్లవం తర్వాత 1980 నాటికి 35 దాటింది. 1986లో 10 దగ్గరికి పడింది. 1998లో మళ్లీ అంతే. 2008 జులైలో 147, అదే డిసెంబర్‌లో 30ల్లో. 2014 జూన్‌లో 115, 2016 జనవరిలో 30 లోపు. 2020 ఏప్రిల్ 20న అయితే అమెరికా క్రూడ్ ఫ్యూచర్స్ (ముందు తేదీకి కుదుర్చుకునే బేరం) ధర మైనస్ 37 డాలర్లకు పోయింది, నూనె తీసుకెళ్లినవాడికే ఎదురు డబ్బులిచ్చే పరిస్థితి. రెండేళ్లు తిరక్కుండా 2022 మార్చిలో 120 దాటింది. లెక్కపెట్టండి, 1986 నుంచి 2020 లోపు ఐదుసార్లు కూలింది. ఈ రంగంలో ముప్పై ఏళ్లు పనిచేయాలనుకుంటే మూడు నాలుగుసార్లు ఇది చూడకుండా రిటైర్ కావడం కష్టం. కాబట్టి ధర పడుతుందా లేదా అని ఆలోచించడం మానేసి, పడ్డ రోజు మన ఇల్లు ఎలా ఉంటుంది అని ఆలోచించాలి.

ఒక్క నూనె కంపెనీలవాళ్లే మునుగుతారని అనుకోకండి. ఓక్లహోమా సిటీలో పెన్ స్క్వేర్ అని ఒక చిన్న బ్యాంకు ఉండేది, బూమ్‌లో డ్రిల్లింగ్ చేసేవాళ్లకు ఎడాపెడా అప్పులిచ్చి, ఆ అప్పుల్ని పెద్ద బ్యాంకులకు అమ్మేది. 1982 జులైలో అది మూతపడింది. ఆ అప్పులు కొనుక్కున్న షికాగో బ్యాంకు కాంటినెంటల్ ఇల్లినాయ్, దేశంలోనే పెద్ద బ్యాంకుల్లో ఒకటి, 1984లో ప్రభుత్వం ఆదుకుంటే తప్ప నిలబడలేదు. హ్యూస్టన్‌లో ఆ దశాబ్దంలో రెండు లక్షలకు పైగా ఉద్యోగాలు పోయాయి. టెక్సస్‌లోని పది పెద్ద బ్యాంకుల్లో తొమ్మిది మూతపడ్డాయి లేదా వేరేవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయాయి. ఇళ్ల ధరలు పడిపోయాయి, తాళాలు బ్యాంకుకి ఇచ్చేసి జనం ఊరొదిలి వెళ్లిపోయారు. టీచర్లు, టైలర్లు, హోటలు నడిపేవాళ్లు కూడా అందులో ఉన్నారు, వాళ్లకీ నూనెకీ ఏ సంబంధమూ లేదు, ఆ ఊళ్లో ఉండటం తప్ప.

ఇక మొదట చేయాల్సిన పని, నూనె బావికి మీ ఉద్యోగం ఎంత దూరంలో ఉందో కొలుచుకోవడం. ధర పడిన వారం ఏమీ జరగదు, అదే మనల్ని మోసం చేసేది. ముందుగా దెబ్బ తగిలేది కొత్త నూనె వెతికేవాళ్లకు, అంటే సీస్మిక్ (భూమిలోకి తరంగాలు పంపి వెతికే పని), జియాలజీ, ఎక్స్‌ప్లొరేషన్. మూడు నుంచి ఆరు నెలల్లో డ్రిల్లింగ్, సర్వీస్ కంపెనీలు. పైప్‌లైన్లు, ప్లాంట్లు కట్టే కాంట్రాక్టర్ల దగ్గర చేతిలో ఉన్న ప్రాజెక్టులు అయ్యేదాకా పని ఉంటుంది, ఏడాదో ఏడాదిన్నరో. గల్ఫ్‌లో ప్రభుత్వ కట్టడాలు, రోడ్లు, హాస్పిటళ్లు కట్టే కంపెనీలకు అన్నిటికంటే ఆలస్యంగా తగులుతుంది కానీ అన్నిటికంటే గట్టిగా తగులుతుంది, ఎందుకంటే ఖజానాలో డబ్బు తగ్గగానే ప్రభుత్వం ముందు ఆపేది కాంట్రాక్టర్ల బిల్లులే. 2015లో సౌదీ బడ్జెట్ లోటు 36,700 కోట్ల రియాళ్లు. 2016 ఆగస్టు నాటికి జీతాలు రాక, తిండికి కూడా కష్టమై అక్కడి క్యాంపుల్లో వేల మంది భారతీయులు చిక్కుకుపోయారు, మన ఎంబసీ తిండి పంపాల్సి వచ్చింది, అప్పటి విదేశాంగ సహాయ మంత్రి వీకే సింగ్ స్వయంగా వెళ్లారు. మా బావ అక్కడే ఉన్నాడు. రిఫైనరీలో రోజువారీ ఆపరేషన్, మెయింటెనెన్స్ చేసేవాళ్లకు మాత్రం ప్రమాదం తక్కువ, క్రూడ్ చౌకైనా ఖరీదైనా రిఫైనరీ నడవాల్సిందే కదా. మారే అవకాశం ఉంటే, ధర బాగున్న రోజుల్లోనే అటువైపు మారండి. పడిపోయాక ఆ ఒక్క సీటుకి రెండొందల మంది నిలబడతారు.

రెండోది, వేటిని గమనించాలి. టీవీలో చెప్పే క్రూడ్ ధర రోజూ చూస్తే టెన్షన్ తప్ప ఉపయోగం లేదు. అమెరికాలో ఉన్నవాళ్లు ప్రతి శుక్రవారం బేకర్ హ్యూస్ అనే సర్వీస్ కంపెనీ ఇచ్చే రిగ్ కౌంట్, అంటే పనిచేస్తున్న రిగ్గుల లెక్క, చూడండి. 2014 అక్టోబర్‌లో నూనె కోసం తవ్వే రిగ్గులు 1,609 ఉండేవి, 2016 మే చివరికి 316. ఒక రిగ్ ఆగిందంటే దాని మీది మనుషులతో పాటు సిమెంట్, తవ్వేటప్పుడు బావిలో పోసే మడ్, పైపులు, లారీలు, క్యాంటీన్, మోటెల్, అన్నీ ఆగుతాయి. ఆ లెక్క వరసగా రెండు మూడు నెలలు తగ్గుతూ ఉంటే అర్థం చేసుకోండి. నేను ఆ అంకె ప్రతి శుక్రవారం చూస్తూనే ఉన్నాను, మా టీమ్‌కి ఏం కాదులే అనుకున్నాను, అదే నా తప్పు. ఆఫీసు లోపల కూడా గుర్తులు కనిపిస్తాయి. ప్రయాణాలు ఆపేస్తారు, కాంట్రాక్ట్ మనుషుల్ని ముందు పంపేస్తారు, ఖాళీ అయిన పోస్టు నింపరు. గల్ఫ్‌లో అయితే ఓటీ (ఓవర్‌టైం) తగ్గుతుంది, జీతం ఒకటో తారీఖు నుంచి పదికి, పది నుంచి ఇరవైకి జరుగుతుంది, ఇకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) రెన్యువల్ ఆలస్యం చేస్తారు. జీతం రెండు నెలలు వరసగా ఆలస్యమైతే మూడో నెల కోసం ఎదురుచూడకండి, అదే రోజు నుంచి వేరే కంపెనీకి ట్రాన్స్‌ఫర్ కోసం వెతకడం మొదలుపెట్టండి.

మూడోది డబ్బు, నా మటుకు అసలు విషయం ఇదే. బావకి బేసిక్ 1,800 రియాళ్లు, ఓటీతో కలిపి 3,000 వచ్చేది. ఇంటి స్లాబు, చిట్టీలు, పిల్లల స్కూలు ఫీజు అన్నీ 3,000 చూసుకుని పెట్టుకున్నారు. ఓటీ పోయిన నెలే అక్క అప్పు చేయడం మొదలుపెట్టింది, అప్పటికి జీతం ఇంకా ఆగనే లేదు. కాబట్టి నెలనెలా కట్టి తీరాల్సినవన్నీ బేసిక్‌లోనే సరిపోవాలి, ఈఎంఐ అయినా చిట్టీ అయినా. ఓటీ, బోనస్, రిగ్ అలవెన్స్, ఇవి జీతం కాదు, మంచి ధర ఉన్నన్నాళ్లు వచ్చే పంట. నార్వే దేశం ఇదే చేసింది. 1990లో చట్టం చేసి నూనె డబ్బు పక్కన పెట్టే ఫండ్ పెట్టుకున్నారు, అందులోంచి ఏటా సుమారు 3 శాతం మించి వాడుకోకూడదన్నది వాళ్లు పాటించే పద్ధతి. మనకంత అక్కర్లేదు, ఓటీ డబ్బు వేరే అకౌంట్లో పడేలా చూసుకుని, ఆ అకౌంట్ సంగతి చుట్టాలకు చెప్పకుండా ఉంటే చాలు.

గల్ఫ్ పంపిన ఏజెంటుకి కట్టడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉంటే, స్లాబు కంటే బంగారం కంటే ముందు అది తీర్చేయండి. చేతిలో ఎంత ఉండాలి అంటే, మామూలు ఉద్యోగాలకు ఆరు నెలల ఖర్చు అంటారు, నూనె ఉద్యోగానికి అది చాలదు, ఏడాది ఖర్చు ఉండాలి. ఎందుకంటే మీ ఉద్యోగం పోయిన రోజే మీలాంటి పనిచేసే వేల మంది ఉద్యోగాలూ పోతాయి. నాకు మళ్లీ పని దొరకడానికి పద్నాలుగు నెలలు పట్టింది, అదీ నీటి శుద్ధి ప్లాంట్లకు పంపులు చేసే కంపెనీలో. ఇంకోటి, ఉద్యోగం నూనెలో, షేర్లు అదే కంపెనీవి, ఇల్లు అదే నూనె ఊళ్లో, ఇలా మూడూ ఒకే చోట పెట్టకండి. పడితే మూడూ ఒకేసారి పడతాయి. ఇల్లు అమ్ముదామని నేను చూసినప్పుడు మా వీధిలోనే నాలుగు ఇళ్ల ముందు అమ్మకం బోర్డులు ఉన్నాయి.

సౌదీలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. ధర పడ్డప్పుడు ఖజానా నింపుకోవడానికి పెట్టిన పన్నులు ధర లేచాక పోవు. 2017 జులైలో భార్యాపిల్లల మీద తలకి నెలకి 100 రియాళ్ల ఫీజు మొదలైంది, ఏటా వంద పెరిగి 2020కి 400 అయింది. వ్యాట్ 2018లో 5 శాతం, 2020 జులై నుంచి 15. ఎంతోమంది మనవాళ్లు కుటుంబాల్ని ఇంటికి పంపేసింది ఆ ఫీజు కట్టలేకే. కుటుంబాన్ని తీసుకెళ్లే ముందు ఆ లెక్క వేసుకోండి.

ఇక్కడ ఇండియాలో ఉండి, క్రూడ్ పడితే పెట్రోలు చౌకవుతుందిలే అనుకునేవాళ్లకు కూడా ఒక సంగతి. 2014 నవంబర్ నుంచి 2016 జనవరి లోపు కేంద్రం ఎక్సైజ్ సుంకం తొమ్మిదిసార్లు పెంచింది, పెట్రోలు మీద లీటరుకి 9.48 నుంచి 21.48కి. బంకులో మిగిలింది తక్కువే. అదే కాలంలో మనవాళ్లు విదేశాల నుంచి దేశానికి పంపే డబ్బు 2015లోనూ 2016లోనూ తగ్గింది.

పిల్లల్ని పెట్రోలియం ఇంజనీరింగ్‌లో చేర్చాలనుకునే తల్లిదండ్రులు జీతాలు బాగున్న ఏడాది చూసి చేర్చకండి, చదువు నాలుగేళ్లు, అప్పటికి చక్రం తిరిగి ఉంటుంది. 2012లో సీటు కోసం పోటీపడినవాళ్లు 2016లో బయటికొచ్చి ఏం చూశారో నాకు తెలుసు, మా ఆఫీసులో ఆఫర్ లెటర్లు వెనక్కి తీసుకున్నారు. డిగ్రీలో మెకానికల్ లేదా కెమికల్ చేసి, ఇష్టముంటే మాస్టర్స్‌లో పెట్రోలియం చేస్తే రెండు దారులూ తెరిచి ఉంటాయి. ఇది నా అభిప్రాయం. ఆ చదువంటే గౌరవం లేక చెప్పడం లేదు, 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండినప్పుడు రాత్రిళ్లు మా ఊరి నుంచి ఆ వెలుగు చూసినవాణ్ణే, నన్ను ఈ రంగంలోకి తెచ్చింది ఆ మంటే.

చివరగా కాగితాలు. అమెరికాలో హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద ఉంటే ఉద్యోగం పోయాక 60 రోజులు ఉంటాయి, అది కూడా ఐ-94 (అక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకంటే ముందే అయిపోకపోతే. ఆ లోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి లేదా స్టేటస్ మార్చుకోవడానికి అప్లై చేయాలి. నా కాలంలో ఆ 60 రోజులు కూడా లేవు, 2017 జనవరిలో వచ్చాయి, మా ఆవిడ ఉద్యోగం ఉండబట్టి నేను ఆమె మీద ఆధారపడే హెచ్4 వీసాకి మారి బతికిపోయాను. ఇమ్మిగ్రేషన్ లాయర్ నంబర్ ఉద్యోగం ఉన్నప్పుడే దగ్గర పెట్టుకోండి.

గల్ఫ్‌లో అయితే పాస్‌పోర్ట్, వీసా, ఇకామా, కాంట్రాక్ట్, జీతం స్లిప్పులు, వీటన్నిటి ఫోటోలు ఫోన్‌లోనే కాకుండా ఇంట్లో ఇంకొకరి దగ్గర కూడా ఉండాలి. జీతం చేతికి కాకుండా బ్యాంకులో పడేలా చూసుకోండి, రాలేదని నిరూపించడానికి అదే సాక్ష్యం. సౌదీలో సర్వీసు డబ్బు (ఉద్యోగం ముగిసినప్పుడు కంపెనీ ఇవ్వాల్సింది) మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్కేస్తారు. కానీ పదేళ్లు నిండకుండా మీ అంతట మీరు రాజీనామా చేస్తే అది తగ్గుతుంది, రెండేళ్ల లోపైతే ఏమీ రాదు. అందుకే కంపెనీ పంపించేటప్పుడు రాజీనామా కాగితం మీద సంతకం పెట్టమంటే తొందరపడకండి. 2016లో సౌదీ ప్రభుత్వం కంపెనీ ఒప్పుకోకపోయినా ఎగ్జిట్ (దేశం విడిచి వెళ్లే అనుమతి) ఇచ్చింది, బాకీల కోసం లేబర్ ఆఫీసులో కేసు వేసి వెళ్లమంది. కేసు వేయకుండా ఇంటికొస్తే చాలని విమానం ఎక్కినవాళ్లు మా బావ రూమ్‌లోనే ముగ్గురున్నారు, వాళ్లకు పైసా రాలేదు. బావ వేసి వచ్చాడు, కాపీ అక్కకి పంపాడు, మూడేళ్లకు సగం పైన వచ్చింది. అరబీలో ఉన్న కాగితం ఏదైనా సరే, ముందు ఫోటో తీసి చదవగలిగినవాళ్లకు పంపండి, ఎంబసీకి గానీ, విదేశాల్లోని మనవాళ్ల ఫిర్యాదుల కోసం భారత ప్రభుత్వం నడిపే మదద్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు పెట్టండి, ‘అన్నీ ముట్టాయి’ అని రాసి ఉన్న కాగితం మీద మాత్రం డబ్బు బ్యాంకులో పడ్డాకే సంతకం పెట్టండి.