గృహహింస తగ్గిందో లేదో ఊరి ఆడవాళ్లే లెక్క తేల్చాలి

వర్ధన్నపేట, పర్వతగిరి వైపు మహిళా సంఘాలతో పనిచేస్తాను. గృహహింస మీద ఏడాదంతా కార్యక్రమాలు చేశాక పైనుంచి వచ్చే ఫారంలో అడిగేది ఎన్ని మీటింగులు పెట్టారు, ఎంతమంది వచ్చారు అనే. ఇంట్లో దెబ్బలు తగ్గాయా? అది ఊరివాళ్లే చెప్పాలి.

ముందు, ఏం మారితే మారినట్టో వాళ్లనే అడగండి. ఊరి మహిళా సంఘాలన్నీ కలిసే గ్రామైక్య సంఘంలో కూర్చుంటే వచ్చే మాటలు ఇలా ఉంటాయి: "పత్తి ఏరిన పైసలు నా చేతిలనే ఉండాలె." "ఆయన బెల్టు షాపు నుంచి వచ్చే యాళ్లకు పిల్లలు పక్కింటికి ఉరుకుడు బంద్ కావాలె." మీ ప్రశ్నలు ఇవే. వీటిని ఆఫీసు భాషలోకి మార్చకండి.

పత్తి ఏరే రోజుల్లో పగటిపూట పిలవకండి, కూలి పోతుంది. పంచాయతీ ఆఫీసుకు రమ్మంటే తండా ఆడవాళ్లు రారు. మీరే తండాకు వెళ్లండి, లంబాడీ మాట్లాడే అక్కతో అడిగించండి. మగవాళ్లతో వేరే రోజు, మగవాళ్లే మాట్లాడాలి.

జవాబులకు చింతగింజలు చాలు. చీర అడ్డం కట్టి వెనక మూడు డబ్బాలు పెట్టండి: మారింది, మారలేదు, చెప్పలేను. గుర్తు కోసం ఒకదానికి పసుపు, ఒకదానికి కుంకుమ రాయండి, మూడోది ఉత్తగా వదిలేయండి. అడుగున గుడ్డ పరవడం మరవొద్దు, గింజ ఎందులో పడిందో చప్పుడు చెప్పేస్తుంది. ఒక్కో ప్రశ్నకు ఒక్కొక్కరే లోపలికి వెళ్లి ఒక్క గింజ వేస్తారు. లెక్క అందరి ముందే.

"నీ మొగుడు కొడతాడా" అని గుంపులో ఎప్పుడూ అడగకండి. విడిగా మాట్లాడితే ఇంటికొక్కరితోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే. అత్తాకోడళ్లిద్దరినీ అడిగితే ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఎవరైనా ఏడిస్తే పెన్ను పక్కన పెట్టేయండి. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు చెప్పండి, ఆమె సరేనంటే హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి సెంటర్‌కు తోడు వెళ్లండి.

ఫిర్యాదులు పెరిగితే ఫెయిలయిందని రాసేయకండి. ఇన్నాళ్లూ నోరు విప్పనివాళ్లు ఇప్పుడు విప్పుతున్నారేమో. ఎందుకు పెరిగాయో సంఘంలోనే అడగండి.

రిపోర్టు పైకి పంపేముందు వాడవాడలో చదివి వినిపించి, వాళ్లు తప్పన్నది దిద్దండి. పది ఇళ్లే ఉన్న తండా లెక్కను మాత్రం విడిగా చదవకండి, ఎవరి గింజో ఊహించేస్తారు. పక్క వాడతో కలిపి చదవండి.