వైరు తొడుగుకి మంట, పొగ తగ్గించే పౌడర్లు కలపడం ఎలా?

విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఎక్స్‌ట్రూడర్ (ప్లాస్టిక్‌ని కరిగించి వైరు మీద తొడుగుగా నెట్టే మెషిన్) పెట్టుకున్నవాళ్ళు ముందు చూడాల్సింది పౌడర్ ధర కాదు, మెషిన్ ఎంత వేడి మీద నడుస్తోందో అది. ఏటీహెచ్, అంటే అల్యూమినియం ట్రైహైడ్రాక్సైడ్ పౌడర్, దాదాపు 200 డిగ్రీలు దాటితే తనలోని నీటిని ఆవిరిగా వదులుతుంది; మంటలో మనకు కావాల్సింది అదే, కానీ ఆ పని మెషిన్‌లో ప్లాస్టిక్ కరిగే గొట్టం, అంటే బ్యారెల్‌లోనే జరిగిపోతే తొడుగంతా బుడగలే. అందుకే 160-180 మధ్య నడిపే పీవీసీకి అది చాలు, పాలీప్రొపిలీన్‌కైతే 300 దాకా తట్టుకునే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కొనండి.

చిటికెడు వేస్తే లాభం లేదు. హాలోజన్ (క్లోరిన్ లాంటివి) లేని తొడుగుల్లో బరువులో 60 శాతం దాకా పౌడరే ఉంటుంది, దాంతో ముద్ద గట్టిపడి వంచితే పగులుతుంది, కాబట్టి స్టియరిక్ యాసిడ్ పూత ఉన్న రకం అడగండి.

పీవీసీలో చాలామంది యాంటిమొనీ ట్రైఆక్సైడ్ వేసి పనైపోయిందనుకుంటారు. అది క్లోరిన్‌తో కలిసి మంటను అణుస్తుంది, పొగను కాదు. అగ్నిప్రమాదంలో ముందు ఊపిరాడకుండా చేసేది పొగే కదా! దానికి జింక్ బోరేట్‌గానీ జింక్ స్టానేట్‌గానీ తోడు వేయాలి. కలిపేటప్పుడు మాస్క్ తప్పనిసరి, యాంటిమొనీ దుమ్ము మంచిది కాదు.

వానాకాలం పౌడర్ ఆరబెట్టకుండా హాపర్‌లో, అంటే మెషిన్ పైనున్న గరాటులో పోయకండి. చివర్లో తయారైన తొడుగు ప్లాస్టిక్ సన్నటి పట్టీని నిలువుగా వేలాడదీసి, కింద దూది పెట్టి, 10 సెకన్లు మంట చూపించండి. కారిన చుక్కకి దూది అంటుకుంటే ల్యాబ్‌కి పంపడం డబ్బు దండగ.