అమెరికా బడిలో చేరబోయే మన పిల్లలకు: విద్యార్థులే కట్టిన వెబ్‌సైట్ల గ్రంథాలయాన్ని వాడుకునే తీరు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఉద్యోగరీత్యా అమెరికా వెళ్తున్న కుటుంబాలు అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు గురించి నెలల ముందే ఆరా తీస్తాయి గానీ, పిల్లల చదువు మాటకు వచ్చేసరికి బడిలో చేర్చేస్తే మిగతాది వాళ్లే చూసుకుంటారన్న ధీమాతో విమానం ఎక్కేస్తాయి. బడిలో చేర్చడం నిజంగానే పెద్ద కష్టం కాదు. అసలు తంటా మొదటి ప్రాజెక్టు ఇంటికి వచ్చిన సాయంత్రం మొదలవుతుంది. పాఠ్యపుస్తకం, గైడు, క్వశ్చన్ బ్యాంకు దగ్గర పెట్టుకుని తరగతిలో ముందు వరుసలో నిలిచిన పిల్లవాడిని అక్కడి టీచరు, అగ్నిపర్వతాల గురించి నాలుగు చోట్ల చదివి, తెలుసుకున్నది సొంత మాటల్లో రాసి, ఎక్కడెక్కడ చదివాడో చివర చూపించమంటే, వాడు బిక్కమొహం వేస్తాడు. అగ్నిపర్వతం సంగతి వాడికి తెలుసు. ఆ పని ఎలా చేస్తారో ఎవరూ చూపలేదు. తన ఈడు పిల్లలు ఆ పని చేసి పెట్టినది ఎదురుగా చూడడం కంటే దగ్గరి దారి ఇందుకు మరొకటి లేదని నా అభిప్రాయం. అలాంటి పని వేల సంఖ్యలో ఒకేచోట చేరిన గ్రంథాలయం థింక్‌క్వెస్ట్.

1996లో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ అండ్ సర్వీసెస్ అనే లాభాపేక్ష లేని సంస్థ బడిపిల్లలకు పెట్టిన పోటీగా ఇది మొదలయింది. పిల్లలు జట్టుగా ఏర్పడి, కోచ్‌గా ఒక పెద్దవారిని ఎంచుకుని, తమకు నచ్చిన విషయం మీద ఇతర పిల్లలకు పనికివచ్చే వెబ్‌సైటు తయారుచేయాలి. వేర్వేరు దేశాల పిల్లలు కలిసి ఒకే జట్టులో పనిచేసిన సందర్భాలూ ఉన్నాయి. అలా వచ్చిన సైట్లన్నింటినీ ఒక గ్రంథాలయంగా భద్రపరిచి, ఎవరైనా ఉచితంగా చదువుకునే ఏర్పాటు చేశారు. 2002లో దీని నిర్వహణ ఒరాకిల్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ చేతికి వచ్చింది. 2013 జూలై 1న దీన్ని మూసివేశారు. కాబట్టి పాత వర్క్‌షీటులోనో, ఏదైనా పుస్తకం చివరి జాబితాలోనో దీని చిరునామా కనిపించి, నొక్కితే ఏమీ తెరుచుకోకపోతే, మీ ఇంటర్నెట్‌ను అనుమానించవద్దు.

మూతపడిన ఈ సైట్లలో చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో నేటికీ చదువుకోవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న ఆ సంస్థను బ్రూస్టర్ కేల్ స్థాపించినదీ 1996లోనే. పాత వెబ్ పేజీల నకళ్లను అందరూ చూసే వీలు 2001లో కల్పించారు. వెబ్.ఆర్కైవ్.ఆర్గ్ తెరిచి, పైనున్న పెట్టెలో లైబ్రరీ.థింక్‌క్వెస్ట్.ఆర్గ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే, సంవత్సరాల వరుస, దాని కింద క్యాలెండరు వస్తాయి. క్యాలెండరులో నీలం చుట్టు ఉన్న తేదీ అంటే ఆ రోజు పేజీని సరిగా భద్రపరిచారని అర్థం. ఆకుపచ్చ చుట్టు ఉన్నవి వేరే పేజీకి మళ్లిస్తాయి. 2013 జూలై తరువాతి తేదీలను తాకకుండా, 2012 గానీ అంతకు ముందువి గానీ ఎంచుకోవాలి. లోపలికి వెళ్లాక అక్కడున్న వెతికే పెట్టె పనిచేయదు, ఎందుకంటే మీరు చూస్తున్నది పేజీ నకలు మాత్రమే, దాని వెనకాల సమాధానం చెప్పే యంత్రం ఇప్పుడు లేదు. విషయాలవారీ జాబితాల మీదుగా ఒక్కొక్క మెట్టూ దిగాలి. పేజీ రావడానికి కొంత సమయం పడుతుంది, బొమ్మలు కొన్ని రావు. ఒక తేదీ నకలులో రాని బొమ్మ మరో తేదీ నకలులో దొరకవచ్చు గనుక, వెంటనే విసుగు పడకుండా పక్క తేదీ కూడా ప్రయత్నించాలి. ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేరుతో చేసిన ఆటలు, కదిలే బొమ్మలు మాత్రం చాలావరకు ఆడవు. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు స్వస్తి చెప్పింది. పేజీలన్నీ ఆనాటి కంప్యూటరు తెరలకు కట్టినవి కావడం వల్ల ఫోనులో కంటే ల్యాప్‌టాప్‌లో చూడడమే మేలు.

ఈ పని అమెరికా వెళ్లాక మొదలుపెట్టనవసరం లేదు. వీసా స్టాంపింగు కోసం విజయనగరంలోనో, ఆమదాలవలసలోనో తాతగారింట్లో ఎదురుచూసే రోజులు ఇందుకు చక్కగా సరిపోతాయి. పిల్లవాడికి ఇష్టమైన విషయం మీద ఏదో ఒక సైటు తెరిచి, మొదట లోపలి పాఠం జోలికి పోకుండా దాని కట్టుబడి చూపించండి: విషయాన్ని ఎన్ని భాగాలుగా విడగొట్టారు, ఒక్కొక్క పేజీకి ఎంత రాశారు, బొమ్మ కింద ఏం రాశారు, తాము చదివిన పుస్తకాల జాబితా ఎక్కడ పెట్టారు, జట్టులో ఎవరు ఏ పని చేశామని చెప్పుకున్నారు. పిల్లలు రాసినది కాబట్టి వాక్యాలు పొట్టిగా, సూటిగా ఉంటాయి; ఇంగ్లీషు మీడియంలో చదివినా ఇంగ్లీషులో పేరా అల్లడం అలవాటు లేని మన పిల్లలకు ఆ వాక్యాలు భయం కలిగించవు. వాటిలో పొరపాట్లు కూడా ఉంటాయి. తప్పు పట్టుకునే అవకాశం ఉన్న చోట పిల్లలు మరింత శ్రద్ధగా చదువుతారు కాబట్టి, అదీ ఒక మేలే.

అయితే ఈ గ్రంథాలయాన్ని సమాచారానికి చివరి ఆధారంగా వాడకూడదు. ఖగోళం మీద 2006కు ముందు పిల్లలు కట్టిన సైటు ఏది తెరిచినా గ్రహాలు తొమ్మిది అనే ఉంటుంది, ఎందుకంటే ప్లూటోను మరుగుజ్జు గ్రహాల జాబితాలోకి మార్చినది ఆ ఏడాది ఆగస్టు 24న. ఆవర్తన పట్టికలో 113, 115, 117, 118 మూలకాలకు పేర్లు ఖాయమైనది 2016లో. దక్షిణ సూడాన్ దేశంగా ఏర్పడినది 2011లో. పిల్లలకు ఇది నచ్చజెప్పడానికి మన ఊరి ఉదాహరణే చాలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. అంతకు ముందు తయారైన పేజీలన్నీ ఆ రెండింటినీ శ్రీకాకుళంలోనే చూపిస్తాయి. ఆ పేజీలు రాసినవారు అబద్ధం చెప్పలేదు, వారు రాసిన నాటికి అదే నిజం. ఏ పేజీ తెరిచినా ఇది ఏ సంవత్సరంలో రాసినదని ముందుగా చూసుకోవడం అలవాటైతే, అక్కడి టీచర్లు మూలాన్ని అంచనా వేయమని అడిగే పనిలో సగం పూర్తయినట్టే.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన సంగతి. మన పరీక్షల్లో పుస్తకంలో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా రాసినవాడికే పూర్తి మార్కులు. అమెరికా బడిలో అదే పని చేస్తే ప్లేజియరిజం అంటారు, సున్నా వేసి తల్లిదండ్రులను పిలిపించే బడులూ ఉన్నాయి. కొత్తగా వెళ్లిన పిల్లలు దురుద్దేశంతో కాపీ కొట్టరు. పెద్దల పుస్తకంలో వాక్యాన్ని మార్చడమే తప్పని వారికి నేర్పి పంపాము. అందుచేత నాలుగు పదాలు మార్చి రాస్తే చాలని చెప్పకండి, అది కూడా అక్కడ కాపీయే. నాకు పనిచేసిందని తోచిన పద్ధతి ఒకటి ఉంది. పేజీ చదివాక ల్యాప్‌టాప్ మూసేసి, తెలుసుకున్న సంగతిని నాయనమ్మకు చెబుతున్నట్టుగా, ఇంట్లో మాట్లాడే శ్రీకాకుళం తెలుగులోనే పిల్లవాడిచేత చెప్పించాలి; నాయనమ్మ ఎదురుగా ఉంటే ఆవిడకే చెప్పించాలి, ఎందుకంటే ఆవిడ "అదెలా అవుతుందిరా?" అని అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే నిజంగా అర్థమై ఉండాలి. తెలుగులో చెప్పగలిగిన దాన్ని ఆ తరువాత ఇంగ్లీషులో రాయమంటే, మూలంలోని వాక్యం రమ్మన్నా రాదు. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడించాలని పట్టుబట్టే తల్లిదండ్రులు ఈ ఒక్క పనికైనా ఆ నియమం సడలించడం మంచిది. రాసిన దాని కింద సైటు పేరు, పేజీ పేరు, అది తయారైన సంవత్సరం, నకలు తేదీ, తాము చూసిన తేదీ రాయించాలి. చాలా బడుల్లో ఇందుకు ఎంఎల్ఏ పద్ధతి, అంటే మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ వారు మూలాలను చూపడానికి పెట్టిన పద్ధతి, అనుసరిస్తారు. కృత్రిమ మేధ ఉపకరణాల వాడకం మీద ఒక్కొక్క బడికి ఒక్కొక్క నియమం ఉంటుంది గనుక, అడగకుండా వాడవద్దు.

చిన్న తేడాలు కొన్ని ఉన్నాయి. తేదీలో నెల ముందు వస్తుంది, కాబట్టి మన తెలుగు భాషా దినోత్సవాన్ని అక్కడ 8/29 అని రాస్తారు. లక్ష అనే లెక్క లేదు, కామా మూడేసి అంకెలకు పడుతుంది. దూరం మైళ్లలో, వేడి ఫారెన్‌హీట్‌లో కనిపిస్తాయి.

అమెరికా చేరిన మొదటి వారాల్లోనే ఊరి పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి కార్డు తీసుకోండి. ఫోటో ఉన్న గుర్తింపు పత్రం, ఆ ఊళ్లో ఉంటున్నట్టు చూపే అద్దె ఒప్పందం గానీ కరెంటు బిల్లు గానీ సాధారణంగా సరిపోతాయి, రుసుము ఉండదు. ఆ కార్డు నంబరుతో బ్రిటానికా, వరల్డ్ బుక్ వంటి విజ్ఞాన సర్వస్వాలను ఇంటి నుంచే ఉచితంగా చదువుకునే వీలు చాలా లైబ్రరీలు కల్పిస్తున్నాయి. పిల్లల సైటులో చదివిన ప్రతి ముఖ్యమైన సంగతిని అందులో సరిచూసుకుని, ప్రాజెక్టులో దాన్నే ఆధారంగా చూపించాలి. లైబ్రేరియన్‌ను అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు; అడిగితే వెతికిపెట్టడమే ఆమె ఉద్యోగం.

థింక్‌క్వెస్ట్ పోయినా పిల్లలచేత సైట్లు కట్టించే సంప్రదాయం పోలేదు. 1974లో క్లీవ్‌లాండ్‌లో మొదలైన నేషనల్ హిస్టరీ డే పోటీలో ఆరు నుంచి పన్నెండో గ్రేడు పిల్లలు పాల్గొంటారు, అందులో వెబ్‌సైటు ఒక విభాగం. ఒక్కరుగా గానీ, ఇద్దరు నుంచి ఐదుగురు దాకా జట్టుగా గానీ చేయవచ్చు. సైటులో పిల్లలు సొంతంగా రాసిన మాటలు 1,200కు మించరాదు. ఏ మూలాన్ని ఎలా వాడుకున్నారో ఒక్కొక్కదాని కింద రెండు మూడు వాక్యాల్లో చెప్పే గ్రంథసూచి తప్పనిసరి. మన పిల్లలకు ఆ 1,200 హద్దే గొప్ప గురువు. పేజీలు నింపితే మార్కులు వస్తాయన్న నమ్మకాన్ని అది వదిలిస్తుంది. బడిలో సాంఘికశాస్త్రం చెప్పే టీచరును అడిగితే ఆ ఏటి అంశం, గడువులు చెబుతారు.

పిల్లవాడు సొంతంగా సైటు కట్టే దశకు వచ్చినప్పుడు, క్లాసులో అందరూ ఎంచుకునే విషయం కాకుండా మన జిల్లాల సంగతి ఎంచుకోమని నేను సలహా ఇస్తాను. పొందూరు ఖద్దరు తీసుకోండి. వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనగా పట్టుకుని, దాని సన్నని పళ్లతో పత్తిలోని నలుసులు తీస్తూ పోగులను దువ్వే పని అక్కడి స్త్రీల చేతుల్లో ఉంది. మర నూలుకు రాని నునుపు ఆ శ్రమలో నుంచి వస్తుంది. దీన్ని వికీపీడియాలో చదివి రాస్తే రెండో చేతి సమాచారం. పొందూరులో ఉన్న అమ్మమ్మ ఎదురింటి ఆవిడ దువ్వుతుండగా ఫోనులో తీసి పంపితే, ఆ పనికి ఎంతసేపు పడుతుందో, ఆ ఎముక ఎన్నాళ్లు మన్నుతుందో ఆవిడనే అడిగి చెబితే, అది టీచర్లు అడిగే ప్రాథమిక మూలం అవుతుంది. పనస కర్రతో చేసే బొబ్బిలి వీణ, శాలిహుండం బౌద్ధ శిథిలాలు, తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టే పక్షులు కూడా ఇలాంటి పనికి అనువైనవే. వేసవిలో న్యూజెర్సీలో రాత్రి ఎనిమిది అంటే మనకు తెల్లవారుజామున ఐదున్నర, శీతాకాలంలో ఆరున్నర. అమ్మమ్మ అప్పటికే లేచి ఉంటుంది కాబట్టి అదే ఫోను చేయడానికి సరైన వేళ. ఎదురింటి ఆవిడ ముఖం సైటులో పెట్టవచ్చా అని ముందుగా ఆవిడనే అడగాలి, వద్దంటే చేతులు మాత్రమే చూపించాలి.

పిల్లల ఇంటిపేరు, బడి పేరు, ఫోటో సైటులో పెట్టవద్దు. పదమూడేళ్లలోపు పిల్లల వివరాలను సైట్లు తల్లిదండ్రుల సమ్మతి లేకుండా సేకరించకూడదని అక్కడ 1998లో చట్టం చేశారు. బడి నుంచి వచ్చే అనుమతి పత్రాలు చాలావరకు అందుకోసమే గనుక, చదవకుండా సంతకం పెట్టేయకండి. సైటు బడి ఇచ్చిన ఖాతాలో తయారైతే మరో జాగ్రత్త కూడా అవసరం. ప్రాజెక్టు మారినప్పుడల్లా ఊరు మారే ఉద్యోగాలు మనవాళ్లలో ఎక్కువ, బడి మారాక పాత ఖాతాను మూసేస్తారు. జూన్ సెలవులకు ముందే రాసినవి, తీసినవి అన్నీ సొంత డ్రైవులోకి దించుకుని, బడి అనుమతిస్తే సైటు చిరునామాను వేబ్యాక్ మెషీన్‌లో పేజీని భద్రపరిచే పెట్టెలో కూడా ఇచ్చి ఉంచండి.