పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్: 2వ పాఠం – ఇన్‌స్టాల్‌కు ముందు సాయంత్రం

పోయిన పాఠంలో, విండోస్ బదులుగానో దాని పక్కనో పెట్టుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22ను ఎంచుకున్నాం. ఉబుంటు 24.04 అనే మరో లినక్స్ పునాది మీద కట్టిన దీనికి 2029 వరకు భద్రతా సవరణలు అందుతాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలోనూ నడుస్తుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. అంతమాత్రాన చక్కగా పనిచేసే ల్యాప్‌టాప్‌ను అటక ఎక్కించనక్కరలేదు.

ఈరోజు ఇన్‌స్టాల్ జోలికి వెళ్లం. అది అరగంట పని. దానికి ముందు చేయాల్సినదానికి ఒక సాయంత్రమంతా పడుతుంది, పట్టనివ్వండి.

మొట్టమొదట ఫైళ్లన్నిటికీ నకలు తీయాలి. కొన్నేళ్ల కిందట మా అక్క ల్యాప్‌టాప్‌కు ఈ పని నేనే చేశాను. డెస్క్‌టాప్ మీద ‘ఫొటోలు’ అని కనిపించినదాన్ని ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, డిస్కు మొత్తం చెరిపి కొత్త వ్యవస్థ పెట్టాను. తీరా చూస్తే నేను కాపీ చేసింది ఫోల్డర్‌ను కాదు, దానికి దారి చూపే షార్ట్‌కట్‌ను. రెండేళ్ల ఫొటోలు పోయాయి. అక్క నన్ను ఒక్క మాటా అనలేదు, కానీ ఆ బాధ నాకింకా తీరలేదు.

అందుకే కాపీ అయిందని స్క్రీన్ చెప్పినంత మాత్రాన నమ్మకండి. అసలు ఫోల్డర్ సైజు, నకలు సైజు పక్కపక్కన పెట్టి చూడండి. ఆ హార్డ్‌డిస్కును ఇంకో కంప్యూటర్‌కు తగిలించి నాలుగు ఫొటోలు, రెండు పత్రాలు తెరవండి. అవి తెరుచుకుంటేనే నకలు ఉన్నట్టు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లనూ మరచిపోకండి.

తెలుగువాళ్లం ప్రత్యేకంగా చూసుకోవలసింది ఒకటుంది. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాల ఫైళ్లు మీ దగ్గరుంటే, అందులోని అక్షరాలు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే ప్రామాణిక లిపి సంకేతాలు) కావు. విండోస్‌లో వాడే పేజ్‌మేకర్ లినక్స్‌లో నేరుగా నడవదు. విండోస్ ఉండగానే వాటిని పీడీఎఫ్‌లుగా మార్చుకోండి. మళ్లీ దిద్దవలసిన వాటిని యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోండి. కొత్తగా తెలుగు రాయడానికి మాత్రం ఏ బెంగా లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లినక్స్‌లో ముందే ఉంటుంది.

రెండోది బిట్‌లాకర్, అంటే డిస్కులోని సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం వేసి) ఉంచే విండోస్ సౌకర్యం. ఈ పేరే విననివారి ల్యాప్‌టాప్‌లలో కూడా ఇది పనిచేస్తూ ఉండవచ్చు. కొన్ని యంత్రాలలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. రేపు మీరు బూట్ సెట్టింగులు (ల్యాప్‌టాప్ ఆన్ అయ్యే తీరును నిర్ణయించేవి) మార్చగానే విండోస్ అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. ఇప్పుడే తీసి కాగితం మీద రాసుకోండి. ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచుకుంటే, తాళంచెవిని బీరువా లోపల పెట్టి తాళం వేసినట్టే. విండోస్‌ను ఉంచుకుని పక్కన మింట్ పెట్టాలనుకుంటే, సెట్టింగులలో ఎన్‌క్రిప్షన్‌ను ఆపి, అది పూర్తయ్యేదాకా ఆగండి. ఇందుకు కొన్ని గంటలు పట్టవచ్చు. ఛార్జర్ తగిలించే ఉంచండి.

తరువాతి రెండు పనులు కూడా విండోస్, మింట్ రెండూ కావాలనుకునేవారికే. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్లలో ‘ఫాస్ట్ స్టార్టప్’ను ఆపండి. అది ఉన్నంతకాలం షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, కొంత స్థితిని డిస్కులో దాచుకుంటుంది. అప్పుడు లినక్స్ నుంచి విండోస్ ఫైళ్లలో రాయడం కుదరదు. తరువాత డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ‘ష్రింక్ వాల్యూమ్’తో చోటు ఖాళీ చేయండి. 20 జీబీ కనీసం. 100 ఇవ్వగలిగితే నిశ్చింత. ఖాళీ చేసిన చోటును అలాగే వదిలేయండి, ఫార్మాట్ చేయవద్దు.

చివరగా ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ మోడల్, ర్యామ్, వైఫై చిప్ పేరు రాసుకోండి. బ్రాడ్‌కామ్ చిప్ అయితే ఇన్‌స్టాల్ తరువాత డ్రైవర్ (ఆ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) విడిగా వేయవలసి రావచ్చు. ఫోన్ నుంచి కేబుల్‌తో ఇంటర్నెట్ ఇచ్చుకోవడానికి ఒక యూఎస్‌బీ వైరు దగ్గర పెట్టుకోండి.

వచ్చే పాఠానికి 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కావాలి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి, దానికీ ముందే నకలు తీసుకుని రండి.